తల్లి కాని డాల్ఫిన్

మా వదిన ఒడ్డున పడ్డ డాల్ఫిన్లను, తిమింగలాలను చూసే జీవశాస్త్రవేత్త. ఇంత పొడుగు మాట ఎవరికి చెబుతామని మా అన్నయ్య "చేపల డాక్టరు" అని తేల్చేస్తాడు. అవి చేపలూ కావు, తను డాక్టరూ కాదని వదిన మొత్తుకుంటుంది. ఫ్రిజ్‌లో పాలగిన్నె పక్కనే రక్తం సీసాలు పెడుతుంది. నేనొకసారి గట్టిగా అరిస్తే, పాలగిన్నెను కింది అరలోకి దించింది.

ఆ ఉదయం ఫోనొచ్చింది. ఒడ్డున రెండు డాల్ఫిన్లు, ఒకటి పెద్దది, ఒకటి పిల్ల. వదినతో పనిచేసేవాడికి జ్వరం. బకెట్లు మోయడానికి నన్ను లాక్కెళ్లింది.

మేం వెళ్లేసరికే జనం గుమిగూడారు. "తల్లీబిడ్డలు పాపం!" అంటూ ఒకావిడ కళ్లు తుడుచుకుంటోంది. పక్కనున్నాయన పిల్ల నెత్తిమీది రంధ్రంలో నీళ్లు పోయబోతే వదిన గయ్యిమని లేచింది.

"అది దాని ముక్కయ్యా! నీ ముక్కులో నేను పొయ్యనా?"

పిల్ల ఊపిరి గరగరలాడుతోంది. "ఇది బతకదే" అంది వదిన నా చెవిలో. పెద్దది మాత్రం గుండ్రాయిలా ఉంది. తల్లినీ పిల్లనూ విడదీయకూడదన్నది ఆ పనిలో మొదటి పాఠమట. కానీ సముద్రం వెనక్కి తగ్గిపోతోంది. బతికేదాన్నైనా దక్కించుకుందామని పెద్దదాన్ని టార్పాలిన్ మీద మోసి లోతుకు తోశాం. ఒడ్డున పిల్ల కీచుమంది. అంతే, పెద్దది గిర్రున తిరిగి మళ్లీ ఇసుకలోకి దూసుకొచ్చింది.

రెండోసారి ఎత్తుతుంటే అది పక్కకు ఒరిగింది. వదిన దాని పొట్ట కిందికి చూసింది. అందరూ తల్లి తల్లి అంటుంటే హడావిడిలో తనూ తల్లే అనుకుంది, చూడలేదు.

"ఇది మగది" అంది.

"తండ్రేమో మేడమ్" అన్నాడు మాతోపాటు టార్పాలిన్ పట్టిన పడవాయన.

"వీటిలో తండ్రులు పిల్లల మొహం కూడా చూడరయ్యా."

"మరెందుకు వచ్చినట్టు?"

"నాకేం తెలుసు!" అని కసిరింది. పాపం, ఆయన తప్పేముంది?

వదిన చేతిలో సూది ఉంది. పిల్లకు వేస్తే నొప్పి లేకుండా ప్రాణం పోతుంది, దాని బాధ తీరిపోతుంది. కానీ ఆ గొంతు ఆగిపోతే పెద్దది వెళ్లిపోతుందో, ఇక్కడే పడి చస్తుందో తెలియదు. పిల్లను పడవలో లోపలికి తీసుకెళ్తే పెద్దది వెంట రావచ్చు. అంతసేపూ పిల్ల నరకం పడాలి.

"ఏం చెయ్యమంటావే?" అని నన్నడిగింది. నన్ను! నేను నోరు తెరిచేలోపే సూదిని పెట్టెలో పెట్టేసింది.

పిల్లను తడి దుప్పటిలో చుట్టి పడవెక్కించాం. అది కీచుమంటూనే ఉంది, పెద్దది వెంట వస్తూనే ఉంది. నాకు చెవులు మూసుకోవాలనిపించింది. బాగా లోతుకు వెళ్లాక పిల్ల వదిన చేతుల్లోనే పోయింది. మెల్లగా నీళ్లలోకి వదిలింది. పెద్దది మూతితో దాన్ని పైకెత్తింది. జారిపోతే మళ్లీ ఎత్తింది. మేమింక చేసేదేమీ లేక పడవ తిప్పాం.

ఆ రాత్రి వదిన ముద్ద ముట్టలేదు. "సూది వెయ్యాల్సిందేమో" అంది. కాసేపటికి "వెయ్యకపోవడమే నయమేమో" అంది. "ఇంతకీ బతికిందా, పోయిందా?" అన్నాడు అన్నయ్య. "ఏది?" అంది వదిన. అన్నయ్యకేం అర్థం కాలేదు. నాకూ అంతంతమాత్రమే.

తెల్లారి పడవాయన ఫోను. పిల్ల ఒడ్డుకు కొట్టుకొచ్చిందట.

"పక్కన పెద్దది ఉందా?" అంది వదిన.

"లేదమ్మా. ఒడ్డంతా చూశాను. ఇదొక్కటే."

వదిన గోడకు చేరగిలబడి బావురుమంది. పెద్దది పిల్లను వదిలేసింది. బతుకు మీద ఆశతో వదిలిందో, మోసే ఓపిక లేక వదిలిందో!

"ఒడ్డుకు రాలేదంటే మంచిదే కదా వదినా" అన్నాను.

"మంచిదేనే" అంది వెక్కుతూ. "కానీ అన్నిసార్లు ఎత్తుకుంది కదే. దానికి ఆ పిల్ల ఏమవుతుందే?"