ఎగువపల్లె గడిలో సున్నా

పన్నెండేళ్లుగా ఒక సున్నాను మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ తెలియదు. మీకు చెబుతున్నాను.

మొన్న మా అన్న కూతురు కాలేజీ పని మీద సముద్రంలోని రెండు చిన్న దీవుల నివేదికలు తెచ్చింది. పసిబిడ్డల మరణాల గడి ఒక దీవిలో ఖాళీ, ఇంకో దీవిలో సున్నా. "సున్నా ఉన్న దీవే మేలు కదా చిన్నాయనా?" అనింది. ఎవరు అడిగినారో, ఎట్ల అడిగినారో తెలియకుండా పోల్చవద్దన్నాను. "అబ్బా, నీ అంత నికార్సుగా ఎవరు రాస్తారులే!" అని నవ్వింది. ఆ నవ్వు తర్వాత నాకు అన్నం సయించలేదు.

నేను చదివింది తక్కువ. మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో పలకలు ఎంచుతూ లెక్కలు నేర్చుకున్నాను. పగిలిన పలకను కూడా విడిగా రాసి చూపేవాణ్ణి. ఆ పేరు విని దోర్నాల అవతల రెండు పల్లెల సర్వేకు నన్ను పిలిచినారు. ఎగువపల్లె, దిగువపల్లె. వానాకాలంలో వాగులు పారితే అవీ దీవులే. రెండు పల్లెలకూ కలిపి వేయగలిగింది ఒక్క నర్సమ్మను. పసిబిడ్డలు ఎక్కడ ఎక్కువ పోతున్నారో అక్కడ ఆమెను ఉంచుతారు. రెండు పల్లెల లెక్కలు పక్కపక్కన పెట్టి చూపడం నా పని.

ఎగువపల్లెలో చివరి ఇల్లు. కూలికి పోయే కుటుంబం. కోడలు గడప దగ్గర కందులు చెరుగుతోంది. అత్త మంచం మీద కూర్చొని ఉంది.

"పిల్లలెంతమందమ్మా?"

"లేరన్నా," అనింది కోడలు.

"పుట్టలేదా?"

"పుట్టినారు. ఇద్దరు. లేరు."

"ఏంది నాయనా, లేరంటే తెలీదా?" అనింది అత్త. "అంత పుస్తకం చంకలో పెట్టుకొని తిరుగుతాండావు!"

"ఊరుకో అత్తా," అని కోడలు మళ్లీ చాట అందుకుంది.

నాకు అర్థమైంది. కాలేదని మీతో అబద్ధమాడను. కానీ ఒక్కో చావుకు ఒక్కో కాగితం నింపాలి, ఏ నెలలో, ఏ జబ్బుతో అని. దిగువపల్లెలో ఉన్న ఒక్క చావుకే సగం పూట పట్టింది. ఆ తల్లి ఏడుస్తుంటే పెన్ను పట్టుకొని కూర్చున్నాను. ఇక్కడ రెండు. పైన మబ్బు కమ్ముతోంది, వాగు పొంగకముందే దాటాలి. పుట్టినవాళ్ల గడిలో సున్నా వేస్తే పోయినవాళ్ల గడి దానంతటదే సున్నా అవుతుంది. కూడికలన్నీ సరిపోతాయి. ఎవరైనా నిలదీస్తే, లేరంటే పుట్టలేదేమో అనుకున్నానని చెప్పవచ్చు. ఆ సాకు ఆ గడప ముందే సిద్ధం చేసుకొని సున్నా వేసినాను. పొరపాటు చేసేవాడు ముందే సాకు వెతుక్కుంటాడా? గడి ఖాళీగా వదిలినా మేలయ్యేది. ఎవరో ఒకరు మళ్లీ పోయి అడిగేవాళ్లు. సున్నా చూసి ఎవరు అడుగుతారు?

ఎగువపల్లె మిగతా ఇళ్లలో చావులు లేవు. దిగువపల్లె ఒకటి, ఎగువపల్లె సున్నా. నర్సమ్మను దిగువపల్లెలో ఉంచినారు. పట్టిక శుభ్రంగా ఉందని నన్ను మెచ్చుకున్నారు.

మరుసటి ఏడు వానల్లో ఆ కోడలికే నొప్పులు వచ్చినాయి. నడుమ వాగు పారుతోంది. నర్సమ్మ రాలేకపోయింది. బిడ్డ దక్కలేదు. దోర్నాల హోటల్లో టీ తాగుతుంటే ఎవరో చెప్పుకుంటున్నారు, విన్నాను. నర్సమ్మ ఉంటే దక్కేదా? చెప్పలేను. దక్కుతుందేమోనన్న ఆశ కూడా ఆమెకు లేకుండా చేసింది నేను.

రెండుసార్లు వాగు దాకా పోయి తిరిగి వచ్చినాను. తిడుతుందని కాదు. "పోనీలే అన్నా" అంటుందేమోనని భయం. ఆ మాట తీసుకొని ఇంటికి ఎట్ల వస్తాను?

ఎగువపల్లె, చివరి ఇల్లు. పుట్టినవాళ్లు ముగ్గురు. పోయినవాళ్లు ముగ్గురు. మొదటి ఇద్దరినీ అసలు పుట్టనట్టు రాసినది నేను, తెలిసే రాసినాను. ఇది ఇక ఏ పట్టికలోనూ ఎవరూ దిద్దని లెక్క. అయినా ఒక్కసారి సరిగా రాసినాను. ఊపిరి కాస్త ఆడుతోంది.