స్వామి అట్ట వేసిన సీరియల్

మొన్న తిరుపతిలో పాత పుస్తకాలమ్మే తోపుడుబండి మీద ఒక చేతికుట్టు పుస్తకం తెరవగానే మైదా గంజి, మైలుతుత్తం కలిసిన వాసన గుప్పుమంది. వెనక ఆటో అతను హారన్ మీద హారన్ కొడుతున్నా ఆ ఎండలోనే కదలకుండా నిలబడిపోయాను. అది మా అత్త చేతుల వాసన.

అత్తంటే మా నాయన చెల్లెలు. నా చిన్నతనంలో వడమాలపేటలో మా ఇంట్లోనే ఉండేది. కాణిపాకం అవతల ఊరికి ఇచ్చారు, మొగుడి దెబ్బలు తట్టుకోలేక పుట్టింటికి వచ్చేసింది. ‘ఈ పండగ పోనీ, పంపించేద్దాం’ అని తాత ప్రతి పండక్కీ అనేవాడు. పండగ పోయేది, ఇంకో పండగ వచ్చేది, అత్త ఉండిపోయేది.

వీధి వీధంతా చదివేశాక వారపత్రిక చివరికి అత్త చేతికి వచ్చేది. అప్పటికి దాని నిండా నూనె మరకలు, పసిపిల్లల గీతలు, ఎవరింట్లోనో పెట్టిన తిరగమోత వాసన. పిన్నులు ఊడదీసి, సీరియల్ పుటలు మాత్రం కత్తిరించి పెట్టెలో దాచేది గానీ ఒక్క ముక్క చదివేది కాదు. ‘తుంపులు తుంపులుగా యాడ సదివేదిమే, ఆకలి పుట్టించేదానికి’ అనేది. సీరియల్ అయిపోయాక అన్నీ కలిపి దబ్బనంతో కుట్టి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపిన గంజి పూసి, పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసేది. మా వైపు ఏ ఇంట్లో చూసినా వెంకటేశ్వరస్వామి క్యాలెండరే. ఏడాది దాటినా ఆ బొమ్మ కాలికింద పడకూడదు కనుక పుస్తకాలకు అట్టయ్యేది. తాత పారాయణ పుస్తకానికీ అదే అట్ట, నా లెక్కల పుస్తకానికీ అదే.

ఆ ఏడు వానలు ముందే పట్టుకున్నాయి. పీకిన శనక్కాయ చెట్లు వసారాలో పరిచి ఉంటే ఇల్లంతా పచ్చి కాయల వాసన, తడి మన్ను వాసన. దసరాల్లో సరస్వతీ పూజ నాడు ఇంట్లో పుస్తకాలన్నీ పీట మీద పేర్చి, కుంకుమ పెట్టి, బొరుగులూ పప్పులూ బెల్లమూ నైవేద్యం పెట్టేవాళ్లం. మర్నాడు హారతిచ్చేదాకా అచ్చు అక్షరం చదవకూడదు. పిల్లలంతా అదే చాలని కుంటాట ఆడుకుంటుంటే నేను మాత్రం బొరుగుల పొట్లం మీది అక్షరాలను ఒక కన్ను మూసి చూసి, మళ్లీ భయపడి రెండో కన్నూ మూసేదాన్ని.

అత్త అప్పుడే కుట్టిన సీరియల్‌ను తెచ్చి ఆ పీట మీదే పెట్టింది. దాచాలని కాదు, అదీ పుస్తకమే కదా అని. పూజయ్యాక మొదలుపెట్టి ఒక్క ఊపున చదవాలని. మొగుణ్ణి వదిలి వచ్చేసిన ఒకమ్మాయి కథ అది. చివరికి ఏమైందో వీధి ఆడవాళ్లు చెప్పుకుంటుంటే అత్త చెవులు మూసుకుని లేచిపోయేది. ఆ కథ మీద అంత ఆశ ఎందుకు పెట్టుకుందో నాకు అప్పుడు తెలియదు.

దశమి పొద్దున హారతయ్యాక తాత ఒక పుస్తకం తీసి నాలుగు ముక్కలు గట్టిగా చదవాలి, ఆ తర్వాతే మిగతావాళ్లం పుస్తకం ముట్టుకోవాలి. తాత కళ్లద్దాలు పెట్టుకుని, స్వామి అట్ట చూసి పారాయణ పుస్తకమే అనుకుని, మధ్యలో తెరిచి, స్తోత్రం చదివే గొంతుతోనే అందుకున్నాడు: “ఇక ఆ ఇంటి గడప తొక్కనని ఆమె పెట్టె చేతబట్టుకుని బస్టాండులో నిలబడింది. వెనక్కి వెళ్లే బస్సు వచ్చి ఆగింది.”

నాకు నవ్వొచ్చింది. అత్త ముఖం చూసి మింగేశాను.

“ఎవురు పెట్టినారు దీన్ని ఈడ?” అన్నాడు తాత.

“నేనే నాయనా.”

“ఇట్టాంటివి సదివే కాపరం సెడగొట్టుకుంటివి.”

పూజలో ఉన్న పుస్తకం, పైన స్వామి బొమ్మ. తాత కాసేపు తటపటాయించాడు. తర్వాత అట్టను చిరగకుండా నెమ్మదిగా ఊడదీసి, కళ్లకద్దుకుని దేవుడి గూట్లో పెట్టాడు. మిగిలినదాన్ని తీసుకుపోయి నీళ్ల పొయ్యిలో తోశాడు. పండగ బొరుగులు అయిపోకముందే అత్తను మొగుడింట్లో దిగబెట్టి రావడానికి వెంటబెట్టుకుని చిత్తూరు బస్సెక్కాడు. తాతంటే నాకు ప్రాణం. ఆ అట్టను అంత భక్తిగా ఊడదీసిన ఆయన వేళ్లంటే మాత్రం ఇప్పటికీ కోపమే.

నవలలు రాయడం మొదలుపెట్టాక, మీ పరిశోధన దేని మీద అని సభల్లో ఎవరైనా అడిగితే పాత వారపత్రికలు, ఆడవాళ్ల చదువరితనం అని పెద్ద మాటలు చెబుతుంటాను. నిజానికి ఇన్నేళ్లూ వెతికింది ఆ ఒక్క సీరియల్ కోసమే. ఏ గ్రంథాలయంలో సంపుటం దుమ్ము దులిపి తెరిచినా సరిగ్గా ఆ పుటలే ఉండవు, కత్తెరతో నీటుగా కోసేసి ఉంటాయి. ఏ ఊరి అత్తలు పట్టుకుపోయారో అని నవ్వుకుంటూ, లోపల కుమిలిపోతూ బయటికి వచ్చేదాన్ని. బండి మీద దొరికింది అదే సీరియల్, ఇంకెవరో కుట్టి దాచుకున్నది, చివరి పుటతో సహా.

మర్నాడే కాణిపాకం బస్సెక్కాను. తాత ఎప్పుడో పోయాడు, మామా పోయాడు. అత్త ఆ ఇంట్లో ఒక్కతే ఉంటోంది, చూపు మసకేసింది. పుస్తకం చేతిలో పెడితే ముందు వాసన చూసింది.

“ఇంకా ఉండాదా ఇది!” అంది. “నాకు అచ్చరాలు కనపడవు పాపా, నువ్వే సదువు.”

చదువుతూ చదువుతూ బస్టాండు దగ్గరికి వచ్చాను. అత్త చెయ్యి గబుక్కున నా మోకాలి మీద పడింది.

“మెల్లిగా సదువుమే. ముందు పోయి ఆ తలుపేసిరా.”

ఆ వారపత్రిక ఆగిపోయింది, వీధిలో చేతులు మారే చదువు పోయింది, మైలుతుత్తం గంజి కాచేవాళ్లూ లేరు. అత్త భయం మాత్రం ఎక్కడికీ పోలేదు. వినేవాళ్లెవరూ లేని ఆ ఇంట్లో నేను లేచి వెళ్లి, తలుపు గడియ పెట్టి వచ్చాను.