మేనత్త ఏ పక్షం?

మీరు ఏ పక్షానికి చెందినవారో నిర్ణయించింది మీరేనా, మీ ఇంటివారా?

మొన్న ఇక్కడ బర్మాలో, తామ్వేలోని మా తెలుగు సంఘం గోడమీద, అధ్యక్ష ఎన్నికకు ముందు రెండు పక్షాలూ తమ అభ్యర్థులను ఎంచుకుంటాయని, అందుకు సభ్యులు ఏదో ఒక పక్షంలో పేరు నమోదు చేసుకోవాలని ప్రకటన చూడగానే నాకు కాలేజీ రోజులు గుర్తొచ్చాయి. అప్పుడూ సంఘంలో ఇదే పద్ధతి. తుది ఎన్నికలో ఓటు అందరిదీ, అభ్యర్థిని ఎంచుకునే ఓటు మాత్రం ఆ పక్షంలో నమోదైనవారిదే. దానికి మావాళ్ళు జతచేసిన ఆచారం ఏమిటంటే, పెళ్ళైన ఆడపిల్ల పేరును ఆమెనడగకుండానే అత్తవారి పక్షంలోకి మార్చేయడం.

దలాలో కాపురముండే మా మేనత్త ప్రతి ఆదివారం నది దాటి వచ్చి, తెలుగు అర్థమైనా బర్మీస్‌లోనే బదులిచ్చే పిల్లలకు సంఘం గదిలో అక్షరాలు దిద్దించేది. ఆ గదిని విందులకు ఇచ్చేయాలని ఆమె అత్తవారి పక్షం పెద్దలు నిశ్చయించారు. ఇక మేనత్తే అధ్యక్షురాలైతే తప్ప తరగతి నిలవదు. పుట్టింటి పక్షం ఆమెను నిలబెడతామంది గానీ, ఆమె పేరు అక్కడ లేదు.

కాలేజీ డిబేట్లలో రాటుదేలిన గొంతుతో నేను సంఘం సభలో లేచి, పెళ్ళితో ఇల్లు మారితే అభిప్రాయం కూడా మారుతుందా అని అడిగాను.

"ఏటే, కాలేజీలో ఇదేనా నేర్పుతున్నారు?" అన్నాడు మా మేనత్తకు మామగారు.

మా నాన్నమ్మ ఊరుకోలేదు. "పిల్లనైతే ఇచ్చినాం అన్నయ్యగారూ, దాని బుర్ర కూడా ఇచ్చీసినామేటి?"

ముందుగా నవ్వింది ఆయనే. సరే, కోడలినే అడగండి అన్నాడు. పుట్టింటి పక్షానికి వచ్చేస్తుందని అందరం ఎదురుచూస్తుండగా అత్త లేచి, "నాను ఇక్కడే ఉంటాను. గది తీసీమన్నోళ్ళు ఈ పక్షంలోనే ఉన్నారు గదా, ఆళ్ళకే చెప్పాలి" అని కూర్చుంది.

ఆ పక్షంలో ఎవరూ అడగకుండా చేర్చిన కోడళ్ళు ఎందరో ఉన్నారని, వారి పిల్లలే ఆమె దగ్గర చదువుకుంటున్నారని మాకప్పుడు తట్టలేదు. వారి ఓట్లతో అత్త అభ్యర్థి అయింది, తరువాత అధ్యక్షురాలూ అయింది. తరగతి ఈనాటికీ సాగుతోంది.

చేరడమూ మానడమూ మన ఇష్టమైనప్పుడు, ఒక పక్షం తనవారితోనే అభ్యర్థిని ఎంచుకోవడం అన్యాయమని నేనిప్పుడు అనను. నా పెళ్ళైనప్పుడు పెద్దలు ఇంటికొచ్చి మరీ నా ఇష్టం అడిగారు. అడగడం మొదలైంది గానీ, ఇప్పుడు జవాబు చెప్పేవారే తగ్గిపోయారు, సభల్లో ఆనాటి సందడి లేదు.

ఈ ఆదివారం మీ అమ్మాయిలనూ కోడళ్ళనూ వెంటబెట్టుకుని సంఘానికి రండి, ఎవరి పక్షం వారే నోరారా చెప్పి పేరు రాయించుకోండి.