అమ్మ కొత్త గొంతు

జ్వరం తగ్గింది కానీ పోతూ పోతూ నా రెండు చెవులనూ తీసుకుపోయింది. మెదడు పొరలకు ఇన్‌ఫెక్షన్ సోకిందనీ, వినికిడి ఇక తిరిగి రాదనీ విజయవాడ డాక్టరు కాగితం మీద రాసి చూపించాడు. అప్పటికి నేను నూజివీడులో సైన్సు టీచర్ని. మా ఆయనకు ఆగిరిపల్లి దగ్గర మామిడితోట. చెవి వెనక ఆపరేషన్ చేసి లోపల మిషన్ అమరిస్తే మళ్ళీ వినపడుతుందన్నారు. పెట్టించుకున్నాం.

కుట్లు మానాక మిషన్ ఆన్ చేశారు. ఎదురుగా కూర్చున్న మా ఆయన ఏదో అన్నారు. రేకుడబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్టుంది. పక్కనున్న, వినడంలో ట్రైనింగ్ ఇచ్చే అమ్మాయి కూడా ఏదో అంది. అదే డబ్బా, అవే రాళ్ళు. ఏది మగగొంతో ఏది ఆడగొంతో కూడా తెలియలేదు. నాకు ఏడుపు ఆగలేదు. ఆ అమ్మాయి ఫోన్‌లో టైప్ చేసి చూపించింది: "మిషన్ బాగానే పనిచేస్తోందండీ. ఈ చప్పుళ్ళే మాటలని మీ మెదడు నేర్చుకోవాలి."

బోర్డు మీద చెవి బొమ్మ వేసి ఎన్నేళ్ళో పాఠం చెప్పాను. శబ్దం నరం దాకా చేరితే పాఠం అయిపోయేది. ఆ తర్వాత ఏం జరుగుతుందని ఏ పిల్లలూ అడగలేదు, నేనూ ఆలోచించలేదు.

సాయంత్రాలు వరండాలో ప్రాక్టీసు. మా ఆయన పేపరు నోటికి అడ్డం పెట్టుకుని మామిడి రకాల పేర్లు చెప్పేవారు. రాళ్ళ చప్పుడు. పేపరు దించి, పెదాలు కనపడేలా "బంగినపల్లి" అనేవారు. మళ్ళీ పేపరు చాటు నుంచి అదే అంటే, ఈసారి స్పష్టంగా బంగినపల్లి! ఒకసారి తెలిశాక ఇక దాన్ని చప్పుడుగా విందామన్నా వీలయ్యేది కాదు. అలా రసాలు వచ్చాయి, కలెక్టరు మామిడి వచ్చింది. ఒకరోజు ఆయన మాటల్లో మాటగా, "తోటకి పురుగు పట్టింది" అన్నారు. నాకు "పెద్దరసం" అని వినపడింది. ముందే తెలిసినవి తప్ప నేనేమీ వినడం లేదని అప్పుడు అనుమానం వచ్చింది.

అమ్మానాన్నలు ఉండేది బాపులపాడులో. అమ్మ రోజూ పొద్దున్నే ఫోన్ చేసేది. ప్రశ్నలు ఎప్పుడూ అవే, వరుసా అదే. "టిఫిన్ చేశావా? అల్లుడుగారు తోటకెళ్ళారా? చెవి ఎలా ఉందే?" తడుముకోకుండా జవాబులు చెప్పేదాన్ని. ఫోన్‌లో కూడా వినగలుగుతున్నానని స్కూల్లో అందరికీ చెప్పుకున్నాను.

కోతల రోజుల్లో ఒక పొద్దున ఫోన్ మోగింది.

"చేశానమ్మా, ఇడ్లీ" అన్నాను. అమ్మ మళ్ళీ ఏదో అంది. "ఇంకా లేదమ్మా, బయల్దేరుతున్నారు."

అటునుంచి గొంతు హెచ్చింది. మాటలు విడిపోయి రాళ్ళయిపోయాయి. "మెల్లగా చెప్పమ్మా, అర్థం కావట్లేదు" అంటుండగా మా ఆయన వచ్చి ఫోన్ అందుకున్నారు. ఆయన ముఖం పాలిపోయింది.

అమ్మ మొదటినుంచీ ఒకటే చెబుతోందట: "నాన్న బాత్రూంలో పడిపోయారే. లేవట్లేదు. అల్లుడుగారికి ఫోనియ్యి."

నాకు మాత్రం "టిఫిన్ చేశావా" అనే వినపడింది. లీలగా కాదు, స్పష్టంగా. తెలియని మాట వచ్చిన చోట నా మెదడు ఖాళీ వదల్లేదు, తెలిసిన మాట తెచ్చి పెట్టింది.

బండి మీద వెళ్తున్నంతసేపూ మిషన్‌లో గాలి హోరే. ఆయన వెనక్కి తిరిగి ఏదో చెబుతున్నారు. ఏమీ అందలేదు, ఊరికే ఊఁ కొట్టాను. మేం వెళ్ళేసరికి పక్కింటివాళ్ళు నాన్నను ఆటోలో ఆస్పత్రికి చేర్చారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది. ఇప్పుడు వాకర్ పట్టుకుని నడుస్తున్నారు.

ఆస్పత్రి బెంచీ మీద, "టిఫిన్ చేశావా అనే వినపడిందమ్మా" అన్నాను. అమ్మ నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది, పెదాలు కనపడాలని. "నీ తప్పేముందే పిచ్చిదానా? నేనే అల్లుడుగారికి చెయ్యాల్సింది."

అప్పట్నుంచి అమ్మ ఆయనకే చేస్తోంది. మాట్లాడటం అయ్యాక ఆయన నావైపు తిరిగి చెబుతారు. "నాకే చెయ్యమ్మా" అని ఎన్నిసార్లు బతిమాలినా, "నీకెందుకే శ్రమ" అంటుంది.

ఇప్పుడు రాళ్ళ చప్పుడు పోయింది. మనుషులు మనుషుల్లాగే వినపడుతున్నారు. క్లాసులో ముందు బెంచీల పిల్లలు అడిగేది అందుతోంది. అమ్మ ఎదురుగా కూర్చుని మాట్లాడితే సన్నటి గొంతు వినపడుతుంది, అది అమ్మదేనని తెలుస్తుంది కూడా. మొన్నొక మధ్యాహ్నం ఆమె పాత గొంతు గుర్తుచేసుకోబోయాను. రాలేదు. ఎంత ప్రయత్నించినా ఈ సన్నటి గొంతే అడ్డం వస్తోంది.

జ్వరానికి ముందు తీసిన వీడియో ఒకటి ఫోన్‌లో దొరికింది. తోటలో కాయలు ఏరుతూ, వీడియో తీయొద్దని అమ్మ నన్ను కేకలేస్తోంది. పెట్టుకుని విన్నాను. అందులోంచీ కొత్త గొంతే వచ్చింది. మిషన్‌లోంచి వింటే ఇంకెలా వస్తుంది?

మా ఆయనను పిలిచి అడిగాను. "అప్పుడు అమ్మ గొంతు ఎలా ఉండేదండీ?"

ఆయన ఫోన్ అందుకుని వీడియో మళ్ళీ పెట్టుకుని విన్నారు.

"ఇప్పుడున్నట్టే ఉండేది" అన్నారు.