కాసెట్ చివర మిగిలిన చోటు

మా బాబాయి పాటల దొంగ. కోప్పడకండి, ఆ మాట ముందు అన్నది ఆయనే. బస్టాండు ఎదురుగా అగ్గిపెట్టెంత కొట్టు. మీరు పాటల జాబితా రాసిస్తే సాయంత్రానికల్లా కాసెట్‌లో ఎక్కించి ఇచ్చేవాడు. పాడినవాళ్ళకీ రాసినవాళ్ళకీ దమ్మిడీ ఇచ్చిన పాపాన పోలేదు. "పాటంటే గాలే అమ్మడూ! గాలికెవరైనా తాళం వేస్తారా?" అనేవాడు. కబుర్లకేం తక్కువ!

సీడీలొచ్చి కొట్టు డీలా పడ్డప్పుడు ఆయనకు వ్యక్తిత్వ వికాసం పిచ్చి పట్టుకుంది. నిజాయితీయే విజయానికి పునాది అని చెప్పే పుస్తకాన్ని ఫుట్‌పాత్ మీద దొంగ ప్రింటులో కొన్నాడు! పొద్దున్నే అద్దం ముందు నిలబడి "నేను విజేతను, నేను విజేతను" అని అరిచేవాడు. "విజేతగారూ, గ్యాస్ అయిపోయింది," అనేది పిన్ని వంటింట్లోంచి.

ఆ పిచ్చిలోనే ఘోరం చేశాడు. పిన్ని సొంతంగా కట్టి పాడిన జోలపాట ఇంట్లో ఒకే ఒక్క కాసెట్‌లో ఉండేది. చిన్నప్పుడు నన్ను నిద్రపుచ్చింది ఆ పాటే. దానిమీద ఇంకేదీ ఎక్కకుండా కాసెట్ అంచున ఉండే ప్లాస్టిక్ ముక్కను విరిచి దాచుకున్నారు. కానీ అలా విరిగిన కాసెట్ కనిపిస్తే సందుకు సెల్లో టేపు అంటించి కొత్తది ఎక్కించడం బాబాయి చేతులకు పట్టేసిన అలవాటు. ఏ కాసెట్టో చూసుకోకుండా, ఇరవై ఒక్క రోజుల్లో ఆత్మవిశ్వాసం తెప్పించే ప్రసంగం ఎక్కించేశాడు. ఆ సంగతి పిన్నికి చెప్పే ధైర్యం మాత్రం ఇరవై ఏళ్ళయినా రాలేదు.

నిరుడు పిన్నికి గొంతులో గడ్డకు ఆపరేషన్ జరిగింది. ప్రాణం దక్కింది, మాట పోయింది. ఏం కావాలన్నా పలక మీద రాసి చూపిస్తుంది. ఒకరోజు, "నా పాట ఒకసారి పెట్టండి" అని రాసింది. బాబాయి మొహంలో నెత్తురు చుక్క లేదు. వెతుకుతానని చెప్పి, నన్ను వీధిలోకి లాక్కొచ్చి, జరిగింది చెప్పి భోరుమన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "అంత పాడుపని ఎలా చేశావు బాబాయ్?"

"ఇంకో పాడుపని కూడా చేశానే," అన్నాడు ముక్కు తుడుచుకుంటూ. "జనం అడిగిన పాటలన్నీ ఎక్కించాక కాసెట్ చివర రెండు మూడు నిమిషాలు మిగిలేవి. ఖాళీగా ఇవ్వడానికి మనసొప్పేది కాదు. మీ పిన్ని పాట ఎక్కించేవాణ్ణి. ఆవిడకు తెలీదు."

అయితే ఎవరింట్లోనో ఉండాలిగా! మూడు వారాలు తిరిగాం. బాబాయికి మనుషుల పేర్లు గుర్తులేవు, వాళ్ళడిగిన పాటలే గుర్తు. "ఇది ఏడుపు పాటల మేష్టారి ఇల్లు," అంటూ తలుపు కొట్టేవాడు. అందరిదీ ఒకటే మాట: "కాసెట్లా? ఎప్పుడో పారేశాం. అన్నీ ఫోన్‌లోనే ఉన్నాయిగా!" అన్నీ ఉన్నాయి నాయనా, మా పిన్ని తప్ప.

చివరికి ఒక టైలరమ్మ కుట్టుమిషన్ ఆపి, "ఆఖర్న జోలపాట ఉంటుంది, అదేనా?" అంది. కాసెట్‌తోపాటు తన పాత ప్లేయర్ కూడా చంకన పెట్టుకుని మా వెంటే వచ్చింది.

ముందుగదిలో పెట్టాం. సినిమా పాట అయిపోయింది, కాస్త గరగరమంది, వెంటనే పిన్ని గొంతు. ఎంత లేతగా ఉందో! నాకు ఏడుపు ఆగలేదు. పిన్ని కళ్ళు మూసుకుని కదలకుండా కూర్చుంది.

"మా పిల్లలిద్దరూ ఈ పాట వింటేనే పడుకునేవాళ్ళు. మీరేనా అమ్మా ఆవిడ?" అని టైలరమ్మ పిన్ని చెయ్యి పట్టుకుంది.

పాట అయ్యాక పిన్ని పలక అందుకుంది. "వీళ్ళింటికి ఎలా వెళ్ళింది?"

బాబాయి ఈసారి దాచలేదు. ఇంట్లోది చెరిపేసిందీ, ఊరంతా పంచిందీ చెప్పేశాడు. పిన్ని ఆయన్నే చాలాసేపు చూసి, మళ్ళీ రాసింది. "ఒక్క మాట నన్ను అడిగారా?"

"లేదు," అన్నాడు తలొంచుకుని. తర్వాత తలెత్తి, "ఇప్పుడు అడుగుతున్నా. ఒక కాపీ తీసుకోనా?" అన్నాడు.

ఆయన నోట ఆ మాట నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. పిన్ని పలక తుడిచింది, కళ్ళు తుడుచుకుంది. తీరిగ్గా రాసి ఆయన వైపు తిప్పింది.

"అడిగారుగా. తీసుకోండి."