డోరులో గోదారి మొక్కు

కుడిచెయ్యి స్టీరింగు మీద పెట్టి చెబుతున్నాను: ఇందులో ప్రతి అక్షరం నిజం. అబద్ధమైతే ఈ కారు మళ్ళీ స్టార్టు కాకూడదు. నిజం చెప్పిన రోజు కూడా అది తోయందే కదలదు, అది వేరే సంగతి.

క్యాసెట్ల కాలంనాటి ఆ కారుని నేను సెకండ్ హ్యాండులో కొన్నాను. కొన్న కొత్తలో ఏ చప్పుడూ లేదు. రానురానూ గతుకు తగిలినప్పుడల్లా ఎడమవైపు వెనక డోరులోంచి గల్లుమనడం మొదలైంది. అదేంటో నాకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడం నా ఒంట్లో లేదు. అందుకని, ఈ కారు ఒకప్పుడు నాట్యం టీచరుగారిదనీ, ఆవిడ గజ్జెలు డోరులో చిక్కుకుపోయాయనీ ఎక్కినవాళ్ళందరికీ చెప్పేవాణ్ణి. అది విని మా అమ్మ కారు ముందు కొబ్బరికాయ కూడా కొట్టింది.

మొన్న వేసవిలో పాత సెట్టు అమ్మ భజనల క్యాసెట్టుని నమిలేసింది. ఫోన్లో పాటలు పలికే కొత్త సెట్టు, డోర్లకి స్పీకర్లు పెట్టిద్దామని కొవ్వూరు నుంచి రాజమండ్రి బయల్దేరాం. వంతెన ఎక్కగానే అమ్మ ఎప్పటిలాగే రూపాయి బిళ్ళకి పసుపు రాసి, కళ్ళు మూసుకుని, ఏదో గొణుక్కుని, సగమే దిగే అద్దం మీదుగా గోదారిలోకి విసిరింది. ఆ కారులో ఎన్నిసార్లు వంతెన దాటినా ఆవిడది ఆ కిటికీయే, ఆ గొణుగుడే.

షాపాయన ముందు డోర్లకి స్పీకర్లు బిగించి డప్పు పాట పెట్టాడు. వెనక డోరు గలగలమని అందుకుంది. వేణువు పెట్టించాను. నిశ్శబ్దం. మళ్ళీ డప్పు. మళ్ళీ గలగల. డోరుకి చెవి ఆనించి విన్నాను. తాళం తప్పడం లేదు! నేనల్లిన టీచరు నిజంగానే లోపల ఉందేమోనని నాకే ఒళ్ళు జలదరించింది.

"తీసి చూడండి, త్వరగా," అన్నాను.

స్క్రూలు విప్పి డోరు ప్యాడు పక్కకి లాగాడు. లోపలినుంచి బిళ్ళలు జలజలా రాలాయి.

"ఏంటండీ బాబూ, డోరులో హుండీ పెట్టించుకున్నారా?"

అద్దం పక్కన రబ్బరు ఎప్పుడో ఊడిపోయింది. అద్దానికి తగిలిన బిళ్ళలన్నీ ఆ సందులోంచి లోపలికి జారిపోయాయి. అన్నిటికీ పసుపు మరకలే. పైనున్నదానికి తడి కూడా ఆరలేదు.

కుర్చీలో కూర్చున్న అమ్మ లేచి వచ్చి చూసింది. మొహం పాలిపోయింది.

"అంటే... ఒక్కటీ గోదారమ్మకి అందలేదట్రా?"

"కొన్ని అందుంటాయిలేమ్మా. ఇంతకీ ఏం మొక్కుకున్నావు?"

"ఇంకేం మొక్కుకుంటాను? నీ నోట అబద్ధం రాకుండా చూడమని!"

షాపాయన నవ్వు దాచుకోడానికి స్పీకరు పెట్టె తెరిచాడు. "అందుకేనండి పని జరగలేదు," అన్నాడు.

"గజ్జెలన్నావు! కొబ్బరికాయ కొట్టించావు! పద, ఇవాళే ఇచ్చేద్దాం. ఇంక అద్దాల్లోంచి విసిరేది లేదు," అని అమ్మ బిళ్ళలన్నీ కొంగులో మూటగట్టింది.

కొత్త సెట్టులో భజనలు హాయిగా మోగుతున్నా తిరుగు దారిలో నాకు వినబడలేదు. నిజంగా మొక్కు అందేస్తే? రేపటినుంచి నేనేం మాట్లాడాలి? కొవ్వూరులో గోష్పాద రేవు దగ్గర అమ్మ మోకాళ్ళలోతు దిగి, కళ్ళు తెరుచుకునే, దోసిళ్ళతో బిళ్ళలన్నీ నీళ్ళలో వదిలింది. గట్టెక్కాక ఆవిడ మొహం తేటపడింది.

"ఇప్పుడు చూడు," అంది.

ఒట్టు వేశాను కాబట్టి చెప్పేస్తున్నాను. గజ్జెల కథ కాక ఇందులో నేను కల్పించింది ఒకే ఒక్క మాట: బిళ్ళలన్నీ అమ్మ కొంగులోకి వెళ్ళాయనడం. షాపాయన ప్యాడు మళ్ళీ బిగించేముందు, ఎవరూ చూడకుండా, ఒకటి లోపల వదిలేశాను.

డప్పు మోగితే ఇప్పటికీ సన్నగా గల్లుమంటుంది. అదేంట్రా అని అమ్మ అడిగితే బోల్టు లూజు అంటున్నాను.