దబ్బనం ఆగిన చోటు

మా చిన్నాడపడుచు పోయిందని గుడివాడ నుంచి ఫోన్ వచ్చేసరికి నేను పొయ్యి మీద పులుసు మరిగిస్తున్నాను. ఫోన్ చేసింది ఆమెతో కలిసి చదువుకున్న స్నేహితురాలు. నాలుగు రోజులుండి వస్తానని ఆవిడ ఇంటికే వెళ్ళింది మా ఆడపడుచు. మధ్యాహ్నం భోంచేసి, కుర్చీలో వెనక్కి వాలి, మళ్ళీ లేవలేదట. అంతా విని, "ఆ పెట్టె సంగతేమైనా చెప్పిందా?" అని అడిగాను. "ఏ పెట్టె అండీ?" అంది ఆవిడ. నాకు మతి పోయిందనుకుని ఉంటుంది.

మతి పోలేదు. పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. నేను బడిలో లెక్కలు చెప్పినదాన్ని, ఉన్నదే రాస్తాను. మా ఇద్దరికీ పడేది కాదు. వయసులో ఆమె నాకంటే చాలా చిన్న, నోటికి మాత్రం పెద్ద. మామూలుగా "వదినా" అని పిలిచేది. కోపమొస్తే చివర "గారు" చేర్చేది. బందరులో మా మేడ మీద వాటాలో ఉన్నన్నాళ్ళూ నేను ఎక్కువగా విన్నది "వదినగారూ" అనే.

ఆమె చదివింది నేలల శాస్త్రం. చుట్టూ ఇంత నల్లరేగడి, ఇంత ఒండ్రు ఉంటే వాటిని వదిలేసి, కెనడా ఉత్తరపు కొసన చెట్లు కూడా పెరగని టండ్రా బీళ్ళకు పోయింది. అడుగున ఏడాది పొడుగునా గడ్డకట్టి ఉండే నేల మీద ఉద్యోగమంతా చేసింది. పదవీ విరమణ అయ్యాక తిరిగొచ్చి, తండ్రి ఇచ్చిన మేడ వాటాలో దిగింది. దిగిన వారానికే నా వంటింట్లో కూర్చుని పాఠం మొదలుపెట్టింది.

"అక్కడ పార వేస్తే ముందు మట్టి రాదు వదినా. మొక్కలొస్తాయి. నాచు, గడ్డి, వాటి వేళ్ళు. కుళ్ళడానికి వెచ్చదనం చాలక ఒకదాని మీద ఒకటి పేరుకుపోయి ఉంటాయి. ఎప్పుడో వేల ఏళ్ళ నాడు రాలిన ఆకు ఈనెలతో సహా కనిపిస్తుంది."

"అయితే ఊడ్చేవాళ్ళు లేరన్నమాట," అన్నాను.

"ఊడిస్తే కొంప మునుగుతుంది. ఆ నాచే నేలకు దుప్పటి. వేసవిలో ఎండ ఎంత కాసినా మోకాలి లోతుకు మించి కరగదు, కొన్నిచోట్ల జానెడే. దుప్పటి తీశావా, లోపలి మంచంతా కరిగి నేల కూలబడుతుంది. ఎండాకాలంలో ఒక్క బండి తిరిగినా చాలు, ఆ చక్రాల జాడ నాలుగేళ్ళకు కాలవైపోతుంది."

ఇల్లు కట్టినా స్తంభాల మీద ఎత్తి కడతారట, ఇంటి వేడి నేలకు తగలకుండా. వాన తక్కువే అయినా అంతా చిత్తడేనట. అడుగున మంచు రాయిలా ఉంటే నీళ్ళు ఎక్కడికి ఇంకుతాయి? ఆ నేలకు పులుపు ఎక్కువట. ఎండబెడితే దిండంత గడ్డను చిన్నపిల్ల ఒంటిచేత్తో ఎత్తేస్తుందట. ఇవన్నీ నేను అడిగి తెలుసుకున్నవి కావు. కూర తరుగుతుంటే, బియ్యం ఏరుతుంటే చెవిలో పడ్డవి.

"పైకి కదలనట్టే ఉంటుంది గానీ లోపల ఊరుకోదు వదినా. గడ్డకట్టినప్పుడల్లా ఉబ్బుతుంది, కరిగినప్పుడల్లా దిగుతుంది. అలా పైనున్న నల్లపొర మెలికలు తిరుగుతూ లోపలికి పోతుంది. అక్కడ పడి ఉంటుంది, కుళ్ళకుండా, మారకుండా." నా చేటలోంచి ఒక రాయి ఏరి పారేసి, "నీ కోపంలాగా," అంది.

అలాంటి పోలికలు నాకు గిట్టవు. కోపం కోపమే, నేల నేలే. నా కోపానికి ఒక కారణం ఉంది, దాన్ని ఇక్కడ రాయకపోతే ఈ రాత అబద్ధమవుతుంది.

మా అత్తగారు మంచాన పడింది నాట్ల కాలంలో. ఇక్కడ నాట్ల కాలమే అక్కడ వేసవి. నేల కరిగేది అప్పుడే, వీళ్ళు తవ్వి చూసుకునేదీ అప్పుడే. ఫోన్ చేస్తే, "ఈ రెండు నెలలే వదినా, మంచు పడగానే వచ్చేస్తా," అంది. అత్తగారు పొద్దున్న లేవగానే "చిన్నది వచ్చిందా?" అనేవారు. సాయంత్రం దీపం పెట్టాక మళ్ళీ అడిగేవారు. జవాబు చెప్పాల్సింది నేను. రాలేదండీ, వస్తుందండీ, దార్లో ఉందండీ. అబద్ధం చెప్పడం ఆ నెలల్లోనే నేర్చుకున్నాను, మరొకరి కూతురి కోసం. అంతా అయిపోయాక, కర్మకాండలు కూడా అయిపోయాక, టండ్రా దోమలు కుట్టి వాచిన మొహంతో గుమ్మంలో నిలబడింది.

"అమ్మ చివర్లో ఏం తిన్నది వదినా?"

"నీ పేరే తిన్నది," అన్నాను.

ఆమె ఏడవలేదు. నేను లోపలికి రమ్మనలేదు. అది నేను మర్చిపోలేదు, ఆమె పోయినంత మాత్రాన ఇప్పుడు మర్చిపోను కూడా.

అత్తగారి వస్తువులు పంచుకునే రోజున గొలుసు వద్దంది, గాజులు వద్దంది. ధాన్యం బస్తాలు కుట్టుకోవడానికి అత్తగారు దూలంలో గుచ్చి ఉంచుకునే దబ్బనం ఒక్కటి చాలంది. బంగారం వద్దనడం గొప్పతనమని చుట్టాలు మెచ్చుకున్నారు. నాకు ఒళ్ళు మండింది. అత్తగారి చెయ్యి తగిలి నున్నగా అరిగిన ఇనుము అది. దాని మీద హక్కంటూ ఉంటే బస్తాల నోళ్ళు పట్టుకుని ఆవిడ పక్కన కూర్చున్న నాకుండాలి.

ఆ దబ్బనంతో ఆమె చేసిన పని తర్వాత తెలిసింది. టండ్రాలో నేల ఎంత లోతు కరిగిందో చూడటానికి సన్నటి ఇనుప కడ్డీ దింపుతారట. మెత్తగా దిగుతూ పోయి, మంచు తగలగానే టక్కున ఆగుతుంది. "ఎక్కడ ఆగితే అక్కడి దాకానే ఆ ఏడు వేసవి వచ్చినట్టు," అనేది. ఇక్కడ కడ్డీ బదులు దబ్బనం. అలవాటు ఎంత ముదిరిందంటే, నేను పులియబెట్టిన ఇడ్లీపిండిలో కూడా దించి చూసింది. ఆ రోజు మా మధ్య మాటలు లేవు. మర్నాడూ లేవు.

ఇక పెట్టె. మావారు రొయ్యల వ్యాపారం చేసిన రోజుల్లో కొన్న పాత డీప్ ఫ్రీజర్ ఒకటి మా వెనక వరండాలో ఉంది. అందులో ఏ అరలో ఏముండాలో నాకొక పద్ధతి ఉంది. ఒకరోజు మూత తీస్తే, రొయ్యలు పంపే థర్మాకోల్ పెట్టెలో నిండా బురద. సగం బురద ఉత్తదే. మిగతా సగం మీద దళసరిగా కొబ్బరి పొట్టు పరిచి ఉంది.

"రొయ్యల పక్కన బురదేంటి?" అన్నాను.

"రొయ్యలు ఎక్కణ్ణుంచి వచ్చాయి వదినా, పూలబుట్టలోంచా?"

దివిసీమలో, అవనిగడ్డ దాటాక ఒక పల్లె బడి ఉంది. అక్కడి పిల్లలకు గడ్డకట్టిన నేల అంటే ఏమిటో చూపించడానికట. టండ్రా నేలను చిటికెడు కూడా దేశం దాటించకూడదు గనుక, మన కాలవ బురదనే గడ్డకట్టిస్తుంది. కొబ్బరి పొట్టు నాచుకు బదులు. ఏటా వేసవి సెలవుల ముందు పెట్టె ఒళ్ళో పెట్టుకుని, మూత లేకుండా, బస్సులో వెళ్ళేది. "ప్రయాణమే దానికి ఎండాకాలం. మూత వేస్తే పాఠమెక్కడుంది?" అనేది. వెళ్ళేసరికి ఉత్త బురద వైపు జావైపోతుందని, పొట్టు వైపు రాయిలా ఉంటుందని చెప్పేది. నేను నమ్మలేదు. పిడికెడు పొట్టు బందరు ఎండను ఆపుతుందా? చూడ్డానికి రమ్మని ఏటా పిలిచేది. నాకు పనుందని ఏటా చెప్పేదాన్ని.

కరెంటు పోయినప్పుడల్లా నేను పాత బొంతలు తెచ్చి ఫ్రీజర్ మీద కప్పేదాన్ని. మేడ మెట్ల మీద నిలబడి చూసి నవ్వేది. "నా రొయ్యలు పాడవుతాయని," అనేదాన్ని. "నేనేమన్నాను వదినా?" అనేది.

ఆమె పోయాక వచ్చిన చుట్టాలందరూ ఆ పెట్టె పారెయ్యమన్నారు. మా మరిది అయితే తనే తీసుకెళ్ళి మురుక్కాలవలో పడేస్తానన్నాడు. "నీ ఫ్రీజరా?" అన్నాను. తర్వాత ఎవరూ దాని మాటెత్తలేదు. అందులో ఉన్న రొయ్యలన్నీ వచ్చేపోయేవాళ్ళకు వండి పెట్టేశాను.

సెలవులు దగ్గర పడుతుండగా ఆ బడి హెడ్ మాస్టారు ఫోన్ చేశారు. "మేడం గారి సంగతి తెలిసిందండీ. పిల్లలకింకా చెప్పలేదు. పెట్టె కోసం అడుగుతున్నారు. ఎవరైనా తెస్తారేమోనని..." అని నసిగారు.

"తెస్తాను," అన్నాను. దయతో అనలేదు. అన్నేళ్ళు నా ఫ్రీజర్‌లో చోటు తిన్న ఆ పొట్టు సంగతేమిటో ఒకసారి నా కళ్ళతో తేల్చుకోవాలి. కరిగిపోతే కరిగిపోయిందని ఆ పిల్లల ముందే చెప్పి రావాలి.

బస్సులో పెట్టె ఒళ్ళో పెట్టుకున్నాను. మేడ మీద ఆమె గదిలోంచి తెచ్చిన దబ్బనం సంచిలో ఉంది. కండక్టరు వంగి చూశాడు.

"ఏంటి మామ్మగారూ అది?"

"బురద."

"పక్కవాళ్ళ మీద పడితే నా మీదకొస్తారండీ."

"పడదు. నీ పని నువ్వు చూసుకో."

చల్లపల్లిలో ఖాళీ చేపల బుట్టతో ఒకామె ఎక్కి నా పక్కన కూర్చుంది. పెట్టె మీద వేలు ఆనించి చూసింది. "బురదకి ఐసెందుకమ్మా? మా చేపలకే దొరికి చావట్లేదు," అంది. నాకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. మోపిదేవి దాటేసరికి ఉత్త బురద వైపు మెరుపు పోయి, తడి కమ్మింది. అవనిగడ్డలో ఆటో ఎక్కేసరికి ఆ వైపు వేలు దిగిపోతోంది. పొట్టు వైపు నేను ముట్టుకోలేదు.

బడి వరండాలో పెట్టె దింపి ఎండలోకి జరిపాను. పిల్లలు చుట్టూ మూగారు. ముందు వాళ్ళను వరసలో నిలబెట్టాను. నాకు తెలిసింది నాలుగు ముక్కల్లో చెప్పాను. నీళ్ళు ఇంకని నేల అంటే దివిసీమ పిల్లలకు విడమర్చి చెప్పనక్కర్లేదు. "చెరువు అడుగున ప్లాస్టిక్ పట్టా వేసినట్టా మామ్మగారూ?" అన్నాడొకడు. అంతే అన్నాను.

వెనక నుంచి ఒక పిల్ల, రెండు జడలది, "మేడం గారెందుకు రాలేదండీ?" అంది.

హెడ్ మాస్టారు నా వైపు చూశారు. ఆ మనిషి కోసం నేనింకొక అబద్ధం చెప్పదలచుకోలేదు.

"చనిపోయింది," అన్నాను.

ఆ పిల్లే రెండడుగులు ముందుకొచ్చి, "మీరు వదిన గారా అండీ?" అంది.

"నీకెవరు చెప్పారు?"

"మేడం గారేనండీ. నాచు గురించి చెప్పేటప్పుడు ప్రతిసారీ మీ గురించే చెప్పేవారు. ఈ పెట్టెని మా వదిన రోజూ తిడుతుంది, కరెంటు పోతే మాత్రం పరుగెత్తుకెళ్ళి బొంత కప్పుతుంది, అనేవారండీ. మా అమ్మ మంచాన పడితే నేను రాలేదు, మా వదినే అమ్మని ఈ నాచులా కప్పి కూర్చుంది, అనేవారండీ."

ఆ మాట నా మొహం మీద ఒక్కనాడూ అనలేదు. బందరులో నా వంటింట్లో కూర్చుని నా ఇడ్లీపిండిని వెక్కిరించింది గానీ, ఇది చెప్పడానికి దివిసీమ దాకా బస్సెక్కింది. ఎవరికో పుట్టిన పిల్లలకు చెప్పింది. అందుకు కూడా నాకు కోపమే వచ్చింది.

"బొంత కప్పింది రొయ్యల కోసం," అన్నాను. పిల్లలు నవ్వారు. ఆ మాట కూడా ముందే విని ఉంటారు.

దబ్బనం తీసి ఆ రెండు జడల పిల్లకిచ్చాను. ఉత్త బురద వైపు దించమన్నాను. సగానికి పైగా దిగిపోయింది. "ఇప్పుడటు," అన్నాను. పిల్ల పొట్టులోకి దించింది. పొట్టు దాటగానే టక్కున ఆగింది. రెండు చేతులతో నొక్కింది, దిగలేదు. "మీరు చూడండి మామ్మగారూ," అంది. దబ్బనం మీద చెయ్యి వేశాను. అత్తగారి వేళ్ళకు అరిగిన చోటే నా వేళ్ళూ ఆనాయి. నేనూ నొక్కాను. నా బలమంతా పెట్టి నొక్కాను.

ఆగింది. అంత వరకు ఒప్పుకుంటాను.

తిరిగొచ్చేటప్పుడు పెట్టె అడుగున పగులొచ్చి నీళ్ళు కారి నా చీర మీద పడ్డాయి, టీ రంగులో. టండ్రాలో కుంటలన్నీ ఆ రంగే అనేది. ఇల్లు చేరగానే పెట్టెను ఫ్రీజర్‌లో దాని చోట పెట్టాను. దబ్బనం తుడిచి, వంటింటి తలుపు చెక్కలో గుచ్చాను.

దీపాలు పెట్టే వేళకు కరెంటు పోయింది. వీధంతా పోయింది. వెనక వరండాలోకి వెళ్ళి ఫ్రీజర్ మూత మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. అందులో రొయ్యలు లేవు, ఒక్కటి కూడా లేదు. మేడ మెట్ల మీద ఎవరూ లేరు. లోపలికి వెళ్ళి, మంచం కింద నుంచి బొంత లాగి, తెచ్చి కప్పాను. నాలుగు అంచులూ కిందికి లాగి సర్దాను.